శుక్రవారం ఫంబుల్ కానిది ఆదివారం ఎలా అయింది?

ఫ్రిస్కో, టెక్సస్: అందరికీ నమస్కారం. ఈ మధ్యే హైదరాబాద్ నుంచి వచ్చాం. శుక్రవారం మావాడి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో బంతి పట్టుకున్న కుర్రాడు తనంతట తానే జారి పడ్డాడు. మోకాలు నేలకానాక బంతి చేజారింది, అంటే ఫంబుల్ అనుకున్నాం. అవతలివాళ్లు ఎత్తుకుని పరుగెడితే రెఫరీలు వెనక్కి పిలిచారు. ఆదివారం టీవీలో అచ్చం ఇలాగే జరిగితే ఆట సాగనిచ్చారు. ఏది రూలు?

ప్లేనో: రెండూ రూలే తమ్ముడూ. మన టెక్సస్ హైస్కూళ్లు ఆడేది కాలేజీ రూల్స్‌తో. మోకాలు ఆనిందంటే, ఎవరూ ముట్టుకోకపోయినా బంతి డెడ్, ఆట అక్కడితో ఆగినట్టే. నువ్వు టీవీలో చూసిన ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో అవతలివాడు తాకి ఉండాలి, లేకపోతే లేచి పరుగెత్తొచ్చు. క్యాచ్‌కి ఇక్కడ మైదానం గీత లోపల ఒక్క పాదం చాలు, అక్కడ రెండు పడాలి. అన్నిటికంటే ముందు పొసెషన్ వచ్చిందా, అంటే బంతి పూర్తిగా చేతికి చిక్కిందా లేదా చూడు. అవతలి జట్టు కాలితో తన్నిన బంతి, అంటే పంట్, చేతిలో కుదురుకోకముందే జారితే అది మఫ్. తన్నిన జట్టు దాన్ని పట్టుకోవచ్చు గానీ పరుగెత్తకూడదు.

ఎడిసన్, న్యూజెర్సీ: మా స్కూళ్ల రూల్ బుక్ వేరు, మోకాలి సంగతి మాత్రం ఒకటే. అసలు గొడవంతా విజిల్‌తో, అది మోగితే ఆట ఆగినట్టే. కిందటి సీజన్లో మా పెద్దాడు బంతి ఊడగొట్టాడు. అదింకా నేలమీద దొర్లుతుండగానే ఒక రెఫరీ విజిల్ ఊదేశాడు. మావాడు ఎత్తుకుని స్కోరు వచ్చే ఎండ్ జోన్ దాకా వెళ్లినా లెక్కలోకి రాలేదు. పోగొట్టుకున్న జట్టుకే బంతి ఇచ్చి, అక్కణ్నుంచి ఆడతారా, ఆ డౌన్ (ఆ ఒక్క ప్రయత్నం) మళ్లీ ఆడతారా అని వాళ్లనే అడిగారు. రూలు అదే, కాదనను. కానీ బంతి కంటికి కనిపించందే ఊదకూడదని శిక్షణలోనే చెప్తారు కదా! లీగ్ ఆఫీసుకు ఎంత వివరంగా రాసినా ఒక్క లైను జవాబు. పిల్లాడు ఎంత బాధపడ్డాడో వాళ్లకేం తెలుసు?

ప్లేనో: చిన్నపిల్లల మ్యాచ్‌లకు నేనూ రెఫరీగా చేస్తున్నానండీ. విజిల్ ఆలస్యమైతే బంతి కోసం ఒకరిమీద ఒకరు పడ్డ కుప్ప కింద పిల్లాడి చెయ్యి నలుగుతుంది. అదీ చూడాలి.

ఎడిసన్: దెబ్బ తగలకుండా చూడాల్సిందే. అందుకని ఎవరి చేతా లేని బంతికి ఊదుతారా?

ఇర్వింగ్: క్యాచ్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. 2015 జనవరిలో గ్రీన్ బేలో జరిగిన ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌లో మన డాలస్ కౌబాయ్స్ ఆటగాడు డెజ్ బ్రయంట్ క్యాచ్ చెల్లదన్నారు. పట్టినవాడు కింద పడి నేల తాకినా బంతి పట్టు తప్పకూడదన్న ఆ షరతు 2018లో తీసేశారు. ఇప్పుడైతే అది క్యాచే.

హ్యూస్టన్: రెఫరీగా చేరదామన్న ఆలోచన వస్తే ఒక్క మాట. హెచ్-1బి మీదున్నవాళ్లు మ్యాచ్ ఫీజు తీసుకోకూడదు, స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప వేరే పని చేసి సంపాదించడం కుదరదు. ముందు లాయర్‌ని అడగండి.

ప్లేనో: తమ్ముడూ, ఈ శుక్రవారం ఇంకోటి గమనించు. పరుగులో బంతి జారితే ఆ చోట రెఫరీ చిన్న బీన్ బ్యాగ్ పడేస్తాడు. అది పడిందంటే ఆయన దృష్టిలో ఫంబులే. పసుపు జెండా పడితే మాత్రం ఫౌల్.