బిల్డర్ ఐఎస్‌ఓ 45001 అడుగుతున్నాడు: వారంలో ఇప్పిస్తామనే సర్టిఫికెట్ పనికొస్తుందా?

నర్సింగి_సెంట్రింగ్:

అందరికీ నమస్తే. మాది స్ట్రక్చర్ పని. సెంట్రింగ్, బార్ బెండింగ్, కాంక్రీట్ మాదే. నర్సింగి, కోకాపేట వైపు రెండు సైట్లు, కలిపి 80 మంది లేబర్. సగం మంది మేస్త్రీల కింద వచ్చే బీహార్, ఒడిశా వాళ్లు. కొత్త టవర్ల పనికి బిల్డర్ ఫారంలో ఐఎస్‌ఓ 45001 (పనిచోట భద్రత, ఆరోగ్య నిర్వహణ ప్రమాణం) సర్టిఫికెట్, మూడేళ్ల ఎల్‌టీఐఎఫ్‌ఆర్ (పని గంటల లెక్కన గాయాల రేటు) అడిగారు. ఒక ఏజెంటు వారంలో ఇప్పిస్తానంటున్నాడు, సైట్‌కి ఎవరూ రానక్కర్లేదట. ఇది చెల్లుతుందా? సరైన దారిలో వెళ్తే ఆడిటర్ ఏం చూస్తాడు?

సిస్టమ్స్_ఆడిటర్:

సైట్‌కి రానక్కర్లేదన్నాడు కదా, ఇక మిగతా మాటలు వినక్కర్లేదు. నిర్మాణ పనికి సైట్ చూడకుండా ఇచ్చిన 45001 సర్టిఫికెట్ కాగితంతో సమానం.

ఐఎస్‌ఓ సంస్థ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ప్రమాణం రాస్తుందంతే. సర్టిఫికెట్ ఇచ్చేది సర్టిఫికేషన్ బాడీ. ఆ బాడీకి అర్హత ఉందని తేల్చే అక్రెడిటేషన్ సంస్థ మన దేశంలో ఎన్‌ఏబీసీబీ, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో భాగం. బయటి దేశాల అక్రెడిటేషన్ కూడా చెల్లుతుంది, బ్రిటన్ యూకేఏఎస్ లాంటివి. చాలామంది బోల్తా పడేది ఎక్కడంటే, ఆ బాడీకి 9001 (నాణ్యత ప్రమాణం) మీద అక్రెడిటేషన్ ఉంటుంది, 45001 మీద ఉండదు. ఉన్నా నిర్మాణ రంగం, అంటే కోడ్ 28, ఆ పరిధిలో ఉండకపోవచ్చు. ఎన్‌ఏబీసీబీ సైట్‌లో ఆ బాడీ పేరు తెరిచి ఈ రెండూ చూడండి. సర్టిఫికెట్ వచ్చాక ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్‌లో (అక్రెడిటెడ్ సర్టిఫికెట్లు వెతికే వెబ్‌సైట్) మీ కంపెనీ పేరు కొట్టి చూడండి. బిల్డర్ సేఫ్టీ విభాగం మొదట చేసే పని అదే.

ఇంకో గుర్తు: డాక్యుమెంట్లూ మేమే రాస్తాం, సర్టిఫికెట్టూ మేమే ఇస్తాం అనే బాడీ దగ్గరికి పోవద్దు. ఐఎస్‌ఓ 17021-1 ప్రకారం సర్టిఫికేషన్ బాడీ కన్సల్టెన్సీ చేయకూడదు. 45001కి ముందున్న పాత ప్రమాణం ఓహెచ్‌ఎస్‌ఏఎస్ 18001 అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు. దాని కాలం 2021లోనే తీరిపోయింది.

సర్టిఫికెట్ మీద స్కోప్ వాక్యం మీ పనికి సరిపోవాలి. "భవన నిర్మాణంలో ఆర్‌సీసీ స్ట్రక్చర్ పనులు" అని ఉండాలి. "కాంట్రాక్ట్ సర్వీసెస్" అని గాలివాటంగా ఉంటే ప్రీక్వాలిఫికేషన్‌లోనే తిప్పి పంపుతారు.

వరస ఇలా ఉంటుంది. స్టేజ్ 1లో డాక్యుమెంట్లు, సన్నద్ధత చూస్తారు. స్టేజ్ 2 సైట్‌లో. స్టేజ్ 2 కంటే ముందే మీ ఇంటర్నల్ ఆడిట్, మేనేజ్‌మెంట్ రివ్యూ పూర్తయి ఉండాలి. మామూలుగా మూడు నెలల రికార్డులైనా అడుగుతారు కాబట్టి వారంలో అయ్యే పని కాదు. మేజర్ నాన్‌కన్ఫార్మిటీ (ప్రమాణానికి సరిపోని పెద్ద లోపం) వస్తే స్టేజ్ 2 చివరి రోజు నుంచి ఆరు నెలల్లో సరిదిద్ది చూపించాలి, లేదంటే మళ్లీ స్టేజ్ 2. సర్టిఫికెట్ మూడేళ్లు, మధ్యలో ఏటా సర్వైలెన్స్ ఆడిట్. ఆడిట్‌కి ఎన్ని మ్యాన్‌డేలు పడుతుందన్నది మనుషుల సంఖ్య, పని రిస్కును బట్టి ఉంటుంది. మేస్త్రీల లేబర్‌ని లెక్కలోంచి తీసేసి కొటేషన్ తగ్గించుకోవాలని చూడకండి, సైట్‌కి రాగానే తేలిపోతుంది.

సేఫ్టీ_గచ్చిబౌలి:

ఆడిటర్ సైట్‌లో ఏం చూస్తాడో నేను చెప్తా, మీ పని సెంట్రింగ్ కాబట్టి దాని మీదే.

ముందు హజార్డ్ రిజిస్టర్, అంటే పనిలో ప్రమాదాలు, వాటి నియంత్రణలు రాసే పుస్తకం. నెట్‌లో దొరికిన టెంప్లేట్ నింపి పెడితే "ఎత్తులో పని: బెల్టు వేసుకోవాలి" అని ఒక్క లైను ఉంటుంది. 45001లో 8.1.2 క్లాజు నియంత్రణలకు ఒక వరస పెట్టింది: ప్రమాదాన్నే తీసేయడం, తక్కువ ప్రమాదమున్నదానితో మార్చడం, ఇంజనీరింగ్ ఏర్పాట్లు, శిక్షణ, బోర్డుల్లాంటి పాలనా నియంత్రణలు. బెల్టు అన్నిటికంటే చివర. స్లాబ్ అంచున రెయిలింగ్ ఎందుకు లేదు, డక్ట్‌కి మూత ఎందుకు లేదు అన్నదే మొదటి ప్రశ్న.

బెల్టు విషయంలో ఒక లెక్క చాలామందికి తెలియదు. 1.8 మీటర్ల లాన్యార్డు (బెల్టుని కొక్కేనికి కలిపే తాడు), పడే ఊపు తగ్గించే షాక్ అబ్సార్బర్ సాగితే ఇంకో 1.75 వరకు, వీపు మీది డీ-రింగ్ నుంచి పాదాల దాకా సుమారు 1.5, పైన ఒక మీటరు మిగులు. కొక్కెం కాళ్ల దగ్గర కాకుండా డీ-రింగ్ ఎత్తులో తగిలించినా కొక్కెం నుంచి కిందికి ఆరు మీటర్ల ఖాళీ కావాలి. మీ ఫ్లోర్ ఎత్తు మూడు మీటర్లు. అంటే బెల్టు పూర్తిగా ఆపేలోపే మనిషి కింది స్లాబ్‌కి తగలొచ్చు. అక్కడ తల పైన యాంకర్ (కొక్కెం తగిలించే గట్టి ఆధారం) పెట్టి పొట్టి లాన్యార్డు లేదా రిట్రాక్టబుల్ బ్లాక్ (పడగానే తాడు బిగుసుకునే పరికరం) వాడాలి, కుదరకపోతే నెట్. జాకీకి (సెంట్రింగ్ కింద నిలబెట్టే ఆసరా) కొక్కెం తగిలించడం యాంకర్ కాదు, మనిషితో పాటు జాకీ కూడా వస్తుంది.

డీషట్టరింగ్ (సెంట్రింగ్ విప్పడం) దగ్గర మీ తేదీలు అడుగుతారు. ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకి, 4.5 మీటర్ల లోపు స్పాన్ ఉన్న స్లాబ్ జాకీలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. బీములకు 6 మీటర్ల లోపు 14, పైన 21. కాంక్రీట్ పోసిన తేదీ, విప్పిన తేదీ, క్యూబ్ రిజల్ట్ (కాంక్రీట్ బలం పరీక్ష ఫలితం), విప్పమని సంతకం పెట్టిన ఇంజనీరు పేరు, ఈ నాలుగూ ఒకే పర్మిట్ మీద ఉంటే ప్రశ్నలు తగ్గుతాయి. పై ఫ్లోర్‌కి మెటీరియల్ కావాలని మేస్త్రీ ముందే జాకీలు లాగేయడం ఇక్కడ రోజూ జరిగేదే. అది మీ రిజిస్టర్‌లో లేకపోతే అది మీరు రాసిన రిజిస్టర్ కాదని ఇట్టే తెలుస్తుంది.

సెల్లార్‌లో వదులు మట్టి మీద జాకీ నిలబెడితే కింద పలక ఉందా చూస్తారు. వాన నీళ్లు దిగాక ఆ మట్టి కుంగుతుంది, బరువంతా పక్క జాకీ మీద పడుతుంది. ఫుటింగ్ ట్రెంచ్‌లు మీ పరిధిలో ఉంటే తవ్విన మట్టి అంచు నుంచి 1.5 మీటర్లు లేదా ట్రెంచ్ లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరం ఉండాలని ఐఎస్ 3764.

కరెంటు దగ్గర సింపుల్: 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్), టెస్ట్ బటన్ నొక్కిన రికార్డు, టేపు చుట్టిన జాయింట్లు ఉండకూడదు. టవర్ క్రేన్ బిల్డర్‌దే అయినా ఆ క్రేన్ టెస్ట్ సర్టిఫికెట్ కాపీ మీ ఫైల్‌లో పెట్టుకోండి. దాని కింద పనిచేసేది మీ వాళ్లే కదా.

నర్సింగి_సెంట్రింగ్:

థాంక్స్ సార్. మేస్త్రీల లేబర్ మా పేరోల్‌లో లేరు. వాళ్ల ట్రైనింగ్ కూడా మేమే చూపించాలా? లీగల్ రిజిస్టర్‌లో (మాకు వర్తించే చట్టాల జాబితా) 1996 బిల్డింగ్ వర్కర్స్ చట్టం రాస్తే చాలా?

సేఫ్టీ_గచ్చిబౌలి:

మీరే చూపించాలి. 8.1.4 క్లాజులో కాంట్రాక్టర్ల నియంత్రణ ఉంది, మేస్త్రీ దాని కిందకే వస్తాడు. మేస్త్రీతో వర్క్ ఆర్డర్ రాతలో ఉండాలి, అందులో సేఫ్టీ షరతులు ఉండాలి. ఇండక్షన్ రిజిస్టర్‌లో వేలిముద్రలు వరసగా ఉంటే సరిపోదు. ఆడిటర్ ఒక బార్ బెండర్ని పక్కకు పిలిచి "పైనుంచి ఏదైనా పడితే ఎవరికి చెప్తావు?" అని హిందీలో అడుగుతాడు. తెలుగులో ఇచ్చిన టూల్‌బాక్స్ టాక్ (పని ముందు చెప్పే సేఫ్టీ మాటలు) ఒడిశా అబ్బాయికి ఎక్కదు. పొద్దున అయిదు నిమిషాలు, ఒకే విషయం, వాళ్ల భాష వచ్చిన ముకద్దంతో చెప్పించండి. లేబర్‌తో సంప్రదించామన్న ఆధారం 5.4 కింద అడుగుతారు. వాళ్లు లేవనెత్తిన విషయం, మీరు చేసిన పని, తేదీ, ఇవి రాస్తే చాలు.

సిస్టమ్స్_ఆడిటర్:

లీగల్ రిజిస్టర్ గురించి: కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. 1996 చట్టం ఒక్కటే రాసి వదిలేస్తే చట్టపరమైన అవసరాల క్లాజు 6.1.3 కింద లోపంగా రాస్తారు. వృత్తి భద్రత కోడ్‌లో నిర్మాణ పనికి 250 మంది లేదా అంతకు మించి ఉంటే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి, పాత చట్టంలో ఇది 500. మీకు 80 మందే కాబట్టి చట్టం అడగదు, కానీ బిల్డర్ కాంట్రాక్టులో వేరే సంఖ్య ఉండొచ్చు. అది కూడా రిజిస్టర్‌లో ఎక్కాలి.

45001కి 2024 సవరణ ఒకటి ఉంది, పాత టెంప్లేట్లలో కనిపించదు. వాతావరణ మార్పు మీ పనికి సంబంధించిన విషయమా కాదా అని 4.1లో తేల్చాలి. ఏప్రిల్, మే ఎండల్లో స్లాబ్ మీద రాడ్ కట్టే పనికి "సంబంధం లేదు" అని రాస్తే ఆడిటర్ నవ్వుతాడు. మధ్యాహ్నం పని వేళల మార్పు, నీడ, నీళ్లు, ఓఆర్‌ఎస్, ఇవి రిస్క్ అసెస్‌మెంట్‌లోకి తెచ్చి చూపించండి.

ఎల్‌టీఐఎఫ్‌ఆర్ ఐఎస్ 3786 పద్ధతిలో: పని రోజులు పోగొట్టిన గాయాల సంఖ్యను పది లక్షలతో గుణించి మొత్తం పని గంటలతో భాగించాలి. 80 మంది, రోజుకు 10 గంటలు, నెలకు 26 రోజులు అనుకుంటే ఏడాదికి 2,49,600 గంటలు. ఒక్క గాయానికే 4 వస్తుంది. చిన్న కాంట్రాక్టర్‌కి ఈ అంకె ఇలాగే ఎగురుతుంది, అందుకని ఫారంలో రేటు పక్కన గంటలూ గాయాల సంఖ్యా కూడా రాయండి. భయపడి మూడేళ్లూ సున్నా రాయొద్దు. మస్టర్, ఈఎస్‌ఐ రికార్డులు పక్కన పెట్టి చూసేవాళ్లున్నారు. గాయాలు సున్నా, నియర్ మిస్‌లూ (త్రుటిలో తప్పిన ప్రమాదాలు) సున్నా అని రెండూ కనిపిస్తే ఆడిటర్ నేరుగా ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్ తెప్పిస్తాడు.

కోకాపేట_క్యూఎస్:

బిల్డర్ల వైపు నుంచి ఒక మాట. టెండర్ గడువు దగ్గర పడితే ఏజెంటు దగ్గరికి పరుగెత్తకండి. అక్రెడిటెడ్ బాడీతో ఒప్పందం, స్టేజ్ 1 రిపోర్టు, స్టేజ్ 2 తేదీ జత చేసి, సర్టిఫికెట్ పని మొదలయ్యేలోపు ఇస్తామని లెటర్ పెట్టండి. ఫారంలో "తప్పనిసరి" అని ఉంటే ప్రీబిడ్ మీటింగ్‌లోనే రాతపూర్వకంగా అడగాలి, తర్వాత అడిగితే ఎవరూ వినరు. ఒప్పుకునే బిల్డర్లూ ఉన్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. దొంగ సర్టిఫికెట్ అని తేలితే మాత్రం ఆ ఒక్క టెండర్‌తో ఆగదు, వెండర్ లిస్టులోంచే తీసేస్తారు.