ఇంట్లో చీమల పెట్టె పెట్టడం తప్పా?

పర్లాకిమిడి అమ్మ:
మా వాడు ఏడో తరగతి. వీడియోలు చూసి రెండు గాజు పలకల మధ్య మట్టి పోశాడు. పెరట్లో జామచెట్టు మొదట్లో తవ్వి ఓ డెబ్బై ఎనభై గండుచీమల్ని అందులో వేశాడు. మొదటి వారం ఎంత ముచ్చటగా సొరంగాలు తవ్వాయో! మూడో వారం నుంచి రోజుకి నాలుగైదు చచ్చిపోతున్నాయి. మిగతావి వాటిని మోసుకెళ్ళి ఒక మూల కుప్ప పెడుతున్నాయి. "అమ్మా, అవి ఏడుస్తున్నాయా?" అని అడిగాడు. నాకు మాట రాలేదు. పాపం తగులుతుంది, వదిలెయ్యండి అంటున్నారు మా అత్తగారు. సైన్సు నేర్చుకుంటున్నాడు, ఉండనీ అంటున్నారు మా ఆయన. మీరేమంటారు?

బరంపురం వదిన:
చెల్లీ, అత్తగారి మాటే నా మాట. మన పెద్దవాళ్ళు బియ్యప్పిండితో ముగ్గు వేసింది చీమలు కూడా తింటాయనే కదా. వాకిట్లో పిండి పెట్టిన చేత్తోనే గాజులో బంధించడానికి మనసెలా ఒప్పుతుంది? చూడాలనుంటే గోడవార నాలుగు బెల్లం పలుకులు వేసి, పక్కన కూర్చుని చూడమను.

రాయగడ కుర్రాడు:
అక్కా, మన ఒడిశాలోనే మయూర్‌భంజ్ జిల్లా ఎర్రచీమల పచ్చడికి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. చెట్టు మీద ఆకులు కలిపి కట్టుకున్న గూడు గూడంతా దింపి నూరుకుంటారు. అది తప్పు కానప్పుడు పిల్లాడు పెంచుకుంటే తప్పెలా అవుతుంది?

బరంపురం వదిన:
తిండికి పట్టడం వేరు, సరదాకి పట్టడం వేరు బాబూ.

గుణుపురం మాస్టారు:
అమ్మా, చీమల్ని పెంచడం తప్పు కాదు. ఇలా తవ్వి తెచ్చి పెంచడం మాత్రం తప్పే. మీ బాబు తెచ్చినవి పనిచీమలు. వంశాన్ని నిలిపే గుడ్లు పెట్టేది రాణి, అది లోపలెక్కడో ఉండిపోయింది. రాణి లేని గూట్లో కొత్త పనిచీమ పుట్టదు, ఉన్నవి వరసగా పోవడమే. అమెరికాలో 1956 నుంచి అమ్ముతున్న చీమల పెట్టెల్లోనూ ఇదే జరుగుతుంది. రాణి లేకుండా పనిచీమల్ని పోస్టులో పంపుతారు, కొన్నాళ్ళకి పెట్టె ఖాళీ. దాన్ని నేను పెంపకం అనను.

ఆ కుప్ప ఏడుపు కాదని బాబుకి చెప్పండి. చచ్చిన చీమ ఒంట్లో ఓలియిక్ ఆమ్లం పుడుతుంది. ఆ వాసన తగిలితే మిగతావి మోసుకుపోయి పారేస్తాయి. ఎడ్వర్డ్ విల్సన్ అనే శాస్త్రవేత్త 1958 ప్రాంతంలో బతికున్న చీమకి ఆ ఆమ్లం పూసి చూశారు. కాళ్ళు కొట్టుకుంటున్నా దాన్నీ తీసుకెళ్ళి చెత్తలో పడేశాయి!

పెంచాలంటే తొలకరి దాకా ఆగాలి. వాన వెలిసిన సాయంత్రాలు రెక్కల రాణులు ఎగురుతాయి. జతకట్టాక రెక్కలు రాల్చుకుని ఒంటరిగా నేలమీద తిరుగుతాయి. చాలావరకు పక్షులకో తొండలకో తిండైపోతాయి. అలాంటి ఒక్కదాన్ని తెస్తే ఏ గూడూ కూలదు. ఉసిళ్ళని చూసి పొరబడకండి, అవి చెదలు. వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, సన్నటి నడుం ఉండదు. టెస్ట్‌ట్యూబులో మూడోవంతు నీళ్ళు పోసి దూది బిగించి, పొడివైపు రాణిని వదిలి, మూతికి ఇంకో దూది పెట్టి చీకట్లో ఉంచండి. గండుచీమ రాణికి మొదటి పనిచీమలు వచ్చేదాకా తిండి అక్కర్లేదు. ఇక పనిలేని రెక్కల కండరాలని కరిగించుకుని పిల్లల్ని మేపుతుంది. నేను మొదటిసారి ఆత్రం ఆపుకోలేక రోజూ తీసి చూశాను. ఆ బెదురుకి గుడ్లన్నీ తినేసింది. ఇప్పటికీ బాధే.

బరంపురం వదిన:
ఒక్క రాణి అయినా బందీయే కదా మాస్టారూ. ఎన్నేళ్ళు?

గుణుపురం మాస్టారు:
ఆ మాట నిజమేనమ్మా. ఐరోపా నల్లచీమ రాణి ఒకటి మనుషుల పెంపకంలో 28 ఏళ్ళు బతికింది. రేపు పిల్లాడు హాస్టల్‌కి వెళ్తే నీళ్ళు, ఈగలు, బొద్దింకలు ఎవరు పెడతారో ముందే అనుకోవాలి. ఇప్పుడున్నవాటిని మాత్రం ఆ జామచెట్టు దగ్గరే వదలండి. వేరే గూటి దగ్గర వదిలితే వాసన తేడా పట్టి చంపేస్తాయి.

పర్లాకిమిడి అమ్మ:
సాయంత్రం వదిలేశాం. లెక్కపెడితే ముప్ఫై ఒకటి మిగిలాయి. పాతవి ఎదురొచ్చి మీసాలతో తడిమి తడిమి చూశాయి. ఒకటి తడబడి మా వాడి వేలెక్కితే మళ్ళీ మెల్లగా మట్టిలోకి దింపాడు. ఎప్పటికో అన్నీ లోపలికి వెళ్ళాయి. టెస్ట్‌ట్యూబు సంగతి మృగశిర కార్తె వచ్చాక ఇంట్లో అందరం కూర్చుని తేల్చుకుంటాం.