పెద్దమనుషుల పంచాయితీ తీర్మానం కోర్టులో నిలబడుతుందా? (చర్చ)

మెట్టరైతు: ఊళ్లలో గట్టు తగాదాలు, అప్పు తగాదాలు ఎక్కువగా పెద్దమనుషుల దగ్గరే తేలుతున్నాయి. ఇరుపక్షాల దగ్గరా ధరావతు పెట్టించుకుని, తెల్లకాగితం మీద రాసి, సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. ఆర్నెల్ల తర్వాత ఒకరు అడ్డం తిరిగితే ఆ కాగితానికి విలువెంత? తెలిసినవాళ్లు చెప్పండి.

పారాలీగల్: దాన్ని ఒప్పందంగా చూపించి మళ్లీ మొదటి నుంచి దావా వేసుకోవాల్సిందేనండీ. అది డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) కాదు కాబట్టి కోర్టు అమీనా వచ్చి అమలు చేయడు. రాజీ వేడి మీద ఉన్నప్పుడే దాన్ని, రాజీలు కుదిర్చి రాసిచ్చే లోక్ అదాలత్‌కు తీసుకెళ్లడం మంచిది. కోర్టు ఆవరణలో ఉండే మండల లీగల్ సర్వీసెస్ కమిటీలో ప్రీ-లిటిగేషన్ (దావా వేయకముందు) కేసు పెట్టాలి (చాలామంది తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి తిరిగొస్తుంటారు). తెల్లకాగితం మీద ఇద్దరి పేర్లు, చిరునామాలు, తగాదా ఏమిటి, రాజీ షరతులేమిటి రాసి, ఉన్న కాగితాల నకళ్లు జతచేస్తే చాలు. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ వచ్చి ఒప్పుకుంటే అవార్డు ఇస్తారు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 21 ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. మాట తప్పితే నేరుగా ఈపీ (అమలు చేయించమనే అర్జీ) వేసుకోవచ్చు.

షరతులు రాసేటప్పుడే జాగ్రత్త. "పంట చేతికొచ్చాక ఇస్తాడు" అని రాస్తే ఏ పంట, ఎంత అన్న దగ్గరే ఈపీ ఆగిపోతుంది. "జనవరి 31 లోపు 40,000 రూపాయలు, తప్పితే బాకీ మొత్తం ఏడాదికి నూటికి 12 వడ్డీతో ఒకేసారి" అన్నట్టు ఉండాలి. గట్టు విషయమైతే సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాయాలి. సర్వేయరు పటం ఉంటే జతచేయాలి.

నోటు_చెల్లు: అసలు దెబ్బ తగిలేది గడువు దగ్గర. ప్రామిసరీ నోటు మీద దావాకు మూడేళ్లు. డిమాండు నోటైతే (అడిగినప్పుడు తీర్చాల్సినది) రాసిన తేదీ నుంచే లెక్క. "వచ్చే అమావాస్యకి కూర్చుందాం" అంటూ పంచాయితీలో గడిపిన నెలల్ని కోర్టు మినహాయించదు. ప్రీ-లిటిగేషన్ కేసు పెట్టాం కదా, గడువు ఆగిందనీ నమ్ముకోవద్దు. రోజులు దగ్గరపడితే ముందు దావా పడేసి, తర్వాత లోక్ అదాలత్‌లో రాజీపడండి, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది.

నోటు వెనక చెల్లు (కట్టిన సొమ్ము రాసుకోవడం) విషయంలోనూ పొరపాటు జరుగుతుంటుంది. "5,000 ముట్టినది" అని అప్పిచ్చినవాడు సంతకం పెట్టుకుంటాడు. దానితో గడువు పెరగదు. కట్టినవాడి చేతిరాతో, సంతకమో ఉండాలి, అదీ మూడేళ్లు దాటకముందే.

మెట్టరైతు: హామీగా ఖాళీ నోట్ల మీద సంతకాలు తీసుకుంటున్నారు కదా, వాటి సంగతి?

నోటు_చెల్లు: ఇవ్వకండి అన్నా. స్టాంపు అంటించి సంతకం పెట్టిన ఖాళీ నోటును నింపుకునే అధికారం చట్టమే (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, సెక్షన్ 20) చేతిలో ఉన్నవాడికి ఇస్తుంది. అంత రాయలేదని తర్వాత రుజువు చేసుకోవడం మీ నెత్తిన పడుతుంది.

దస్తావేజు_లేఖరి: భూమి పంపకాలకు తెల్లకాగితం అసలు పనికిరాదు. "ఈ రోజు పంచుకున్నాము" అని రాస్తే అది విభాగ దస్తావేజే, స్టాంపు, రిజిస్ట్రేషను రెండూ కావాలి. రిజిస్టరు కాకపోతే పంపకానికి సాక్ష్యంగా తీసుకోరు. స్టాంపు లేకపోతే లోటు డ్యూటీ మీద పది రెట్ల దాకా జరిమానా పడొచ్చు. ఎప్పుడో నోటిమాటగా నిజంగానే పంచుకుని, దాన్ని గుర్తుకోసం తర్వాత రాసుకుంటే వేరే సంగతి. కొందరు పెద్దమనుషులు "ఎప్పుడో పంచుకున్నాము" అన్న వాక్యాన్ని అన్ని కాగితాల్లోనూ అతికిస్తారు. ఎదుటి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

అంగన్‌వాడీ_అక్క: డబ్బు, పొలం వరకు సరేనండీ. మైనరు పిల్లల మీద అఘాయిత్యాన్ని కూడా జరిమానా కట్టించి మూసేస్తున్నారు, దాన్ని రాజీ అనడమే తప్పు. పోక్సో చట్టంలో నేరం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పితీరాలి (సెక్షన్ 19), దాస్తే శిక్ష ఉంది (సెక్షన్ 21). తీర్పు చెప్పిన పెద్దలకూ అది వర్తిస్తుంది.

పారాలీగల్: అవునక్కా. ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, పరిధి కాదని పంపేయకూడదు. కాపీ ఉచితం. రాసుకోకపోతే అదే ఫిర్యాదు ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి (క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173(4)). అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి, 175(3) కింద. ఎస్పీకి పంపిన రసీదు లేకుండా వెళ్తే అక్కడే తిప్పి పంపిస్తారు.

వకీలు ఖర్చు గురించి: ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితం. లీగల్ సర్వీసెస్ ఫోన్ 15100. ఇచ్చిన ప్యానెల్ వకీలు వాయిదాలకు రాకపోతే ఊరుకోకండి, మార్చమని లీగల్ సర్వీసెస్ కార్యదర్శికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి.

గట్టుమీద: అందరూ పెద్దమనుషుల్ని మరీ తీసిపారేస్తున్నారు. ఏ మడి ఎవరు దున్నుతున్నారో, కాలవ నీళ్ల వంతు ఎవరిదో కోర్టుకంటే వాళ్లకే బాగా తెలుసు. స్టేషన్లో కూర్చోబెట్టి చేసే సివిల్ పంచాయితీల కంటే వాళ్లు నయం. అక్కడ డబ్బు చేతులు మారినా రసీదు ఉండదు.

మెట్టరైతు: సరే. లోక్ అదాలత్ నోటీసుకు అవతలి పక్షం రాకపోతే?

పారాలీగల్: బలవంతంగా రప్పించే పని ఉండదు. రాజీ లేకుండా లోక్ అదాలత్ తీర్పు చెప్పదు, ఫైలు మూసేస్తుంది. మీరు దావాకు వెళ్లాలి. అందుకే పెద్దల ఎదుట ఒప్పుకున్న రోజే లోక్ అదాలత్ అర్జీ మీద కూడా ఇద్దరి సంతకాలూ తీసుకోండి.