పిల్లల్లో బైపోలార్: ఉన్నదాన్ని కనిపెట్టారా, లేనిదాన్ని అంటగట్టారా?

గోదారోడు
మా బావమరిది డాలస్‌లో ఉంటాడండి. వాళ్ల ఎనిమిదేళ్లోడికి కోపం వచ్చిందంటే ఇల్లు పీకి పందిరేస్తాడు. మొన్న బళ్లో కుర్చీ విసిరాడట. అక్కడి కౌన్సిలర్ "బైపోలార్ ఏమో, ఓసారి చూపించండి" అన్నారట. అంటే కొన్నాళ్లు హద్దులేని హుషారు, కొన్నాళ్లు తీరని దిగులు, అలా మారే జబ్బట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

రాత్రంతా కూర్చుని చదివాను. అమెరికాలో 20 ఏళ్లలోపు వాళ్లు ఈ జబ్బు పేరుతో డాక్టర్ దగ్గరకెళ్లిన లెక్క 1994–95లో లక్షకి 25. 2002–03కి 1,003. నలభై రెట్లు! ఎనిమిదేళ్లలో పిల్లల మెదళ్లు మారిపోయాయా ఏంటి? చిన్నపిల్లల్లోనూ బైపోలార్ ఉంటుందనే వాదాన్ని ముందుండి నడిపిన హార్వర్డ్ డాక్టర్ జోసెఫ్ బీడర్‌మన్ మందుల కంపెనీల నుంచి 2000–2007 మధ్య కనీసం 16 లక్షల డాలర్లు తీసుకున్నారనీ, యూనివర్సిటీకి అంతా చెప్పలేదనీ 2008లో సెనేటర్ గ్రాస్లీ బయటపెట్టారు. నా మటుకు నాకు ఇది కంపెనీలు పుట్టించిన జబ్బే. కాదనేవాళ్లు రండి.

వాల్తేరు డాక్టరు
పిల్లల సైకియాట్రీలో పనిచేస్తున్నాను, అందుకే రాస్తున్నా. డబ్బు సంగతి నిజమే. 2011లో బీడర్‌మన్ మీద, మరో ఇద్దరు సహచరుల మీద చర్యలు కూడా తీసుకున్నారు. కానీ అక్కడే ఆగిపోతే అసలు తగాదా కనబడదు. తగాదా అంతా ఒక్క మాట మీద: చిరాకు.

పెద్దవాళ్లలో మేనియా, అంటే బైపోలార్‌లో ఆ హద్దులేని హుషారు దశ, విడతగా వస్తుంది. నిన్నటిదాకా ఒకలా ఉన్న మనిషి పది రోజుల్లో ఇంకొకరైపోతాడు. పిల్లల్లో అలా విడతలుగా రానక్కర్లేదు, ఏడాది పొడుగునా భగ్గుమంటూ ఉండటమే వాళ్ల మేనియా అని 1995లో బీడర్‌మన్ బృందం అంది. సెయింట్ లూయిస్‌లో బార్బరా గెల్లర్ ఒప్పుకోలేదు. అతిగా పొంగిపోవడమో, తనంతవాడు లేడనుకోవడమో ఉండి తీరాలన్నారు. 2003లో ఎలెన్ లైబెన్‌లుఫ్ట్ బృందం ఎప్పుడూ చిరాగ్గా ఉండే పిల్లల్ని విడిగా ఒక గుంపు చేసి చూసింది. అలాంటి పిల్లలు పెద్దయ్యాక ఎక్కువగా కనిపించినవి డిప్రెషన్, ఆందోళన. మేనియా కాదు. అందుకే 2013లో అమెరికా సైకియాట్రిస్టుల జబ్బుల పుస్తకం డీఎస్ఎమ్-5 వాళ్ల కోసం డీఎమ్‌డీడీ అని వేరే పేరు పెట్టింది. మీ మేనల్లుడి వయసుకి, మీరు చెప్పిన దాన్నిబట్టి ముందు అడగాల్సింది దాని గురించి, ఏడీహెచ్‌డీ (కుదురు, ధ్యాస నిలవకపోవడం) గురించి. పిల్లాణ్ణి చూడకుండా ఇంతకు మించి చెప్పను.

పాలపిట్ట
గోదారోడన్నా, "పుట్టించిన జబ్బు" అన్నవు చూడు, ఆ మాట కాడ మనసు కలుక్కుమన్నది.

మా తమ్ముడు ఇంటర్ ఫస్టియర్ల ఉండె. వారం రోజులు నిద్రపోలే. అలసట లేదు. హాస్టల్ల అందరికీ తానే పాఠం చెప్తనని రాత్రి రెండింటికి లేపుతుండె. వార్డెన్ గంజాయి అన్నడు. మా నాయిన చదువు ఒత్తిడి అన్నడు. మా పెద్దమ్మ గాలి సోకిందని ఒకాయన దగ్గరికి తీస్కపోయింది, తాయెత్తు కట్టిన్రు. నెల తర్వాత వాడే దుప్పటి కప్పుకొని మూల కూసున్నడు, అన్నం ముట్టలే. ఎర్రగడ్డ పేరెత్తితే చాలు, మా దిక్కు అది తిట్టు కదా, ఇంట్లో ఎవ్వరూ ఒప్పుకోలే. రెండేండ్లు పోయినయి.

ఇప్పుడు లిథియం మీద ఉన్నడు. గా మందు పిచ్చికి పనికొస్తదని 1949లనే ఆస్ట్రేలియాల జాన్ కేడ్ అనే డాక్టర్ రాసిండు. ఉత్త ఉప్పు. దాని మీద ఏ కంపెనీ కోట్లు గడిస్తది చెప్పు? మూడు నెలలకోసారి రక్తపరీక్ష, కిడ్నీ, థైరాయిడ్ చూపిస్తున్నం. డిగ్రీ ఫైనలియర్ వాడు.

గోదారోడు
తమ్ముడి గురించి విని బాధేసిందమ్మా. నేనన్నది పదిహేడేళ్ల వాళ్ల గురించి కాదు, ఏడెనిమిదేళ్ల వాళ్ల గురించి. కానీ రాసేటప్పుడు ఆ తేడా చెప్పలేదు, ఒప్పుకుంటాను.

అయినా ఈ లెక్క చూడండి. 2000–2010 మధ్య పిల్లల బైపోలార్‌తో ఆసుపత్రి నుంచి డిశ్చార్జైన వాళ్లు ఇంగ్లండ్‌తో పోలిస్తే జనాభా లెక్కన అమెరికాలో 72 రెట్లు. అట్లాంటిక్ దాటితే జబ్బు మాయమవుతుందా?

వాల్తేరు డాక్టరు
జబ్బు మాయమవదు, ముద్ర మారుతుంది. ఇంగ్లండ్‌లో వైద్యానికి దారి చూపే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు ఉత్త చిరాకుని చూసి పిల్లలకి ఈ పేరు పెట్టనివ్వవు. 2011లో వాన్ మీటర్ బృందం ఆసుపత్రులు వదిలేసి, జనాల్లో చేసిన 12 సర్వేలు, 16,222 మంది పిల్లలు, యువకుల లెక్కలు కలిపి చూస్తే సుమారు 1.8 శాతం తేలింది. అందులో తేలికపాటి రూపాలూ ఉన్నాయి. అమెరికాలో ఎక్కువేమీ కాదు.

తల్లికో తండ్రికో బైపోలార్ ఉన్న పిల్లల్ని నెదర్లాండ్స్‌లో, కెనడాలో ఏళ్ల తరబడి గమనించారు. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన పని అదే. మేనియా వచ్చినవాళ్లకి అది టీనేజీలోనో ఆ తర్వాతో వచ్చింది. అంతకుముందు కనబడినవి ఆందోళన, నిద్ర సరిగా లేకపోవడం, డిప్రెషన్. మన బెంగళూరు నిమ్‌హాన్స్ 1998లో ప్రచురించిన పరిశీలన చిన్నదే, 30 మంది పిల్లలు. నాలుగైదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే అందరూ ఆ విడత నుంచి తేరుకున్నారు, 67 శాతం మందికి తిరగబెట్టింది. అంటే మన దగ్గర చూసిన జబ్బు వచ్చి పోయేదే, పాలపిట్ట గారి తమ్ముడిలాగ.

జెర్సీ అమ్మ
మా వాడికి ఏడేళ్లప్పుడు బైపోలార్ అన్నారు. రిస్పెరిడోన్ అనే మానసిక జబ్బుల మందు ఇచ్చారు. నిజం చెప్పాలంటే మూడు నెలలు ఇల్లు ప్రశాంతంగా ఉంది, దేవుడిలాంటి మందు అనుకున్నాను. ఏడాదిలో పదకొండు కిలోలు పెరిగాడు. తర్వాత ఇంకో డాక్టర్ ఇది బైపోలార్ కాదన్నారు. ఇప్పుడు పదహారు, మేనియా ఎప్పుడూ రాలేదు. మరి మందు పనిచేసిందంటే జబ్బు ఉన్నట్టేగా? ఈ ప్రశ్న నాకింకా తెగలేదు.

వాల్తేరు డాక్టరు
లేదండీ. రిస్పెరిడోన్ బైపోలార్ లేనివాళ్ల చిరాకునీ తగ్గించగలదు. ఆటిజం ఉన్న పిల్లలకీ అందుకే ఇస్తారు. మందుతో చిరాకు తగ్గినంత మాత్రాన జబ్బు పేరు రుజువైపోదు.

2012లో పిల్లల మేనియాకి మూడు మందుల్ని పోల్చిన టీమ్ అనే పెద్ద పరీక్ష ఫలితాలొచ్చాయి. రిస్పెరిడోన్‌తో 68.5 శాతం పిల్లలు మెరుగుపడ్డారు, లిథియంతో 35.6, డైవాల్‌ప్రోయెక్స్‌తో 24. బరువూ రిస్పెరిడోన్ వాళ్లకే ఎక్కువ పెరిగింది. అయితే అందులో పిల్లల సగటు వయసు పదేళ్లు, అప్పటికే నడుస్తున్న మేనియా విడత సగటున 4.9 ఏళ్లు! సగం జీవితం సాగిన దాన్ని విడత అనొచ్చా? మా వాళ్లలో ఇంకా తేలలేదు.

అలాగని పారేయనూ లేం. కోబీ అనే అధ్యయనంలో బైపోలార్ లక్షణాలు పూర్తిగా సరిపోని పిల్లల్ని ఐదేళ్లు గమనిస్తే 45 శాతం మంది పూర్తిస్థాయి బైపోలార్‌లోకి వెళ్లారు. కుటుంబంలో ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఆ అవకాశం ఎక్కువ. గోదారోడు గారూ, మీ వాళ్లని రెండే అడగండి. నిద్ర తగ్గినా హుషారుగా ఉన్న రోజులు ఎప్పుడైనా ఉన్నాయా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?

గోదారోడు
ఫోన్ చేశానండి. నిద్రకేం, తొమ్మిదికల్లా పడుకుంటాడట, లేపితేగానీ లేవడట. రెండోది అడిగితే మా బావమరిది కాసేపు మాట్లాడలేదు. మా మామగారి తమ్ముడు ఒకాయన ఉండేవారు. ఒక వేసవిలో చేతిలో పైసా లేకుండా ముగ్గురి దగ్గర పొలాలకి బయానాలిచ్చేశారు, అర్ధరాత్రి ఊరంతా లేపి రైస్‌మిల్లు పెడతానని చెప్పేవారట. తర్వాత ఏడాది గదిలోంచి బయటికి రాలేదు. నా పెళ్లికి ముందే పోయారు, ఎలా పోయారో ఇప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. డాలస్‌లో డాక్టర్‌కి ఇదంతా చెప్పాలంటారా?

వాల్తేరు డాక్టరు
ఆయన గురించే ముందు చెప్పమనండి.

పాలపిట్ట
మా ఇంట్ల గూడ ఒకాయన ఉండె అన్నా. తమ్మునికి మందు మొదలువెట్టినంక చెప్పిన్రు.