వైట్ స్టార్ జెండా ఉన్న ప్లేటుకు ఓడ పేరు తగిలించవచ్చా?

పాతపింగాణీ:
టైటానిక్‌ను నడిపిన వైట్ స్టార్ కంపెనీ గుర్తు, అంటే తెల్ల నక్షత్రమున్న ఎర్రజెండా, అడుగున లివర్‌పూల్ పింగాణీ వ్యాపారి స్టోనియర్ పేరు, ఇంగ్లండ్ అన్న మాట, ‘ఆర్‌డీ’ (డిజైను నమోదు) నంబరు ఉంటే అది 1912 నాటికి వాడుకలో ఉన్న ప్లేటే. ‘టైటానిక్ కాలం’ అని రాసి అమ్మడం తప్పేమీ కాదు.

భూతద్దం:
తప్పేనండీ. ఆ నంబరు డిజైను నమోదైన ఏడాదిని చెబుతుంది, ప్లేటు కాల్చిన ఏడాదిని కాదు. బ్రిటన్‌లో ఆ వరస 1884లో 1తో మొదలైంది, 1900 జనవరికి 3,51,000 దాటింది. ఒకసారి నమోదైన డిజైనును ఏళ్ల తరబడి వాడారు. కాబట్టి అది ‘ఇంతకు ముందుది కాదు’ అని మాత్రమే చెబుతుంది. ఇంగ్లండ్ అన్న మాటా అంతే. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1891లో పట్టుబట్టాక అది మామూలైంది. ఇక కంపెనీ పేరు చూడండి. వైట్ స్టార్ 1934లో కునార్డ్ అనే మరో ఓడల కంపెనీతో కలిసింది, రెండు పేర్లూ ఉంటే ఆ తర్వాతదే.

ఇక ఓడ సంగతి. మామూలుగా సామాను మీద కంపెనీ గుర్తే ఉండేది, ఓడ పేరు కాదు. టైటానిక్ జంట ఓడ ఒలింపిక్ 1911 నుంచి 1935 దాకా తిరిగింది. మునిగిన ఓడ ప్లేటు కంటే దానిదే చేతికొచ్చే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ.

పాతపింగాణీ:
మరి ఎల్కింగ్టన్ అనే ఇంగ్లిష్ కంపెనీ చేసిన వెండిపూత చెంచాలు? వాటి మీద ఏడాదిని తెలిపే అక్షరం ఉంటుంది కదా.

భూతద్దం:
దాంతో తయారైన ఏడాది తేలుతుంది. ఏ ఓడలో వాడారో తేలదు.

గ్లేజుగీత:
ఓడ తర్వాత, ముందు జెండా అసలుదో కాదో చూడండి. పాత తెల్ల ప్లేటు మీద కొత్త బొమ్మ అతికించి మళ్లీ కాల్చినవి తిరుగుతున్నాయి. 10 రెట్ల భూతద్దంలో నాలుగు రంగుల చుక్కలు వరస తప్పకుండా కనిపిస్తే అది ఈ మధ్య అచ్చు. బొమ్మ గోరుకు తగిలినంత మాత్రాన నకిలీ అనేయకండి, అసలువాటిలోనూ గ్లేజు (పింగాణీ మీది మెరుపు పూత) పైన వేసినవి ఉన్నాయి. జెండా ప్లేటు మధ్యలో ఉంటే కత్తిగీతలు దాని మీదుగా సాగాలి. గీతలు బొమ్మ కిందికి దూరిపోతే బొమ్మే తర్వాత వచ్చింది.

చెంచాకూ ఇదే సూత్రం. చెక్కుడు పాత గీతల్ని తెగ్గోస్తే అది కొత్తది. చెక్కుడు లోపల పూత పోయి కింది లోహం మెరిసినా అనుమానించాల్సిందే. దయచేసి చింతపండుతో తోమకండి, పూతా పోతుంది, ఈ ఆధారాలూ పోతాయి.

పాతపింగాణీ:
ప్లేటు విషయంలో ఒప్పుకుంటాను. ‘వైట్ స్టార్ లైన్, స్టోనియర్’ అని మాత్రమే రాయాలి. చెంచా మీద 1911 అక్షరం ఉంటే మాత్రం ‘టైటానిక్ కాలం’ అన్న మాట నేను వదులుకోను.

భూతద్దం:
‘1911 తయారీ’ అని రాయండి. అక్కడ ఉన్నది అదొక్కటే.