పదో తరగతి అయిన అమ్మాయి టెక్సాస్ రానంటోంది, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మియాపూర్_అమ్మ
అందరికీ నమస్కారం. మావారు డాలస్ దగ్గర హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు. నాకూ పిల్లలకూ హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) స్టాంపింగ్ అయిపోయింది, జూలైలో ప్రయాణం. బాబు ఏడో తరగతి అయింది, వాడికి విమానం ఎక్కడమే పండగ. బాధంతా అమ్మాయితోనే. స్టేట్ బోర్డులో పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. స్నేహితులంతా ఇంటర్‌లో చేరిపోతున్నారు. "నన్ను విజయవాడలో అమ్మమ్మ దగ్గర వదిలేయండి, హాస్టల్లో ఉండి ఎంపీసీ చదువుకుంటా, మీరు వెళ్లండి" అంటోంది. గట్టిగా అడిగితే గది తలుపేసుకుంటుంది. వాళ్ల నాన్న వీడియో కాల్ చేస్తే ఫోనే ముట్టుకోదు. వదిలేయమంటారా, ఎలాగోలా తీసుకెళ్లమంటారా? అక్కడ ఏ గ్రేడులో వేస్తారు? ముందే తనని ఎలా సిద్ధం చేయాలి?

ఫ్రిస్కో_నాన్న
అలకలు వచ్చిన కొత్తలో ఉంటాయి, తర్వాత వాళ్లే సర్దుకుంటారు. ముందు కాగితాల సంగతి చూడండి. అందరూ పదో తరగతి మెమో పట్టుకొచ్చి, తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఇంట్లో వదిలేస్తారు. ఇక్కడ హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా. తొమ్మిదో తరగతి మార్కులు చూపించకపోతే ఆ ఏడాది క్రెడిట్ల (హైస్కూల్ పూర్తికి లెక్కపెట్టే పాయింట్ల) కోసం కౌన్సెలర్ చుట్టూ తిరగాలి. స్కూల్ లెటర్‌హెడ్ మీద సబ్జెక్టులు, మార్కులు రాయించి, సంతకం, సీలు వేయించి తెచ్చుకోండి. వేసవి సెలవుల్లో హెడ్‌మాస్టర్ దొరకరు, ఇప్పుడే వెళ్లండి.

రెండోది టీకాలు. చికెన్‌పాక్స్ రెండు డోసులు, హెపటైటిస్ ఎ రెండు, మెనింజోకాకల్ ఒకటి టెక్సాస్ స్కూళ్లు అడుగుతాయి. మన సర్కారు టీకాల పట్టికలో ఈ మూడూ లేవు. హెపటైటిస్ ఎ డోసుల మధ్య ఆరు నెలల గ్యాప్ కావాలి, అందుకని మొదటిది అక్కడే వేయించేయండి.

గోదారోడు_ఇర్వింగ్
ఏవండీ, ఇంకోటి రాసిపెట్టుకోండి. అడ్మిషన్ ఫారాల్లో హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక పేజీ ఉంటుంది. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. అక్కడ నిజాయితీకి పోయి తెలుగు అని రాశారా, పిల్ల పని అయిపోయినట్టే. మావాడు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. అయినా పరీక్ష పెట్టి ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీష్ మాతృభాష కాని పిల్లల ఇంగ్లీష్ క్లాసు) వేశారు. రోబోటిక్స్ తీసుకుందామని ఆశపడ్డాడు, ఆ పీరియడ్ కాస్తా ఇంగ్లీష్ క్లాసుకి పోయింది. పైగా ఏటా ఆ పిల్లల ఇంగ్లీష్ స్థాయి చూసే టెల్పాస్ పరీక్ష. ఇంగ్లీష్ అని రాసేయండి, ఎవరూ మీ ఇంటికొచ్చి వినరు.

టీచరమ్మ_ప్లేనో
ఇలాంటి సలహాలు చూస్తే ఒళ్లు మండుతుంది. నేను స్కూల్లోనే పనిచేస్తున్నాను, మనవాళ్ల పిల్లల్ని ఎంతమందిని చూశానో లెక్కలేదు. ఈఎస్ఎల్ శిక్ష కాదండీ, సాయం. పరీక్షలో బాగా చేస్తే అసలు అందులో వేయరు. వేసినా తల్లిదండ్రులు వద్దని సంతకం పెట్టొచ్చు. ఇంగ్లీష్ మీడియం అంటారు గానీ, అక్కడ మన పిల్లలు చదివింది గైడు చూసి బట్టీపట్టడం. ఇక్కడ పదో గ్రేడులో ఒక నవల ఇచ్చి "నీ అభిప్రాయం రాయి" అంటే చేతులు ఆడవు. మొదటి సెమిస్టర్‌లో సైన్స్, లెక్కల్లో 98 తెచ్చుకుని ఇంగ్లీష్‌లో 71 దగ్గర ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు.

గోదారోడు_ఇర్వింగ్
సంతకం పెడితే క్లాసు తప్పుతుంది, టెల్పాస్ తప్పదుగా మేడం. ఆ సంగతి చెప్పలేదేం? బయటపడేదాకా ఏటా రాయాల్సిందే. మావాడు వాళ్ల క్లాసులో వ్యాసాల పోటీలో గెలిచాడు, అయినా రాయించారు. మీరు స్కూలు తరఫున మాట్లాడతారు, నేను నా కొడుకు తరఫున మాట్లాడతాను.

టీచరమ్మ_ప్లేనో
టెల్పాస్ తప్పదు, నిజమే. ఏడాదికోసారి పరీక్ష రాస్తే అరిగిపోతారా? ఫారంలో అబద్ధం రాసి, కింద నిజమేనని సంతకం పెట్టమని కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పడమేంటండీ? పొరపాటున రాసినవాళ్లు మార్చుకోవచ్చు కూడా. పిల్లని ఇంకా పరీక్షించకపోతే, చేరిన రెండు వారాల్లోపు రాతపూర్వకంగా అడగాలి.

కొంపల్లి_టు_కాపెల్
మా ఇంట్లో సగం ఇంగ్లీష్, సగం తెలుగు, తిట్లన్నీ హిందీ. నేనేం రాయాలి?

గోదారోడు_ఇర్వింగ్
తిట్లు రాయండి.

హెచ్4_పిల్ల
ఆంటీ అడిగింది ఒకటి, ఇక్కడ జరుగుతోంది ఒకటి. నేను పదిహేనేళ్లప్పుడు ఇలాగే వచ్చాను, కాబట్టి అవతలి గదిలో తలుపేసుకున్న అమ్మాయి తరఫున రాస్తాను.

నాకు కోపం వచ్చింది ఊరు మారినందుకు కాదు. ఏదీ చెప్పకుండా తీసుకొచ్చినందుకు. "అమెరికా వెళ్తే నీ లైఫ్ సెట్" అన్నారు. హెచ్4 మీద నేను పనిచేయకూడదని వచ్చాక తెలిసింది. క్లాసులో అందరూ పదహారేళ్లకే ఐస్‌క్రీమ్ షాపులోనో, స్విమ్మింగ్ పూల్ దగ్గరో పనిచేసి సొంత డబ్బులతో తిరిగేవాళ్లు, నేను ప్రతిదానికీ నాన్నని అడగాలి. తల్లులకి, నాన్న గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయితే, వర్క్ పర్మిట్ దారి ఉంది. పిల్లలకి లేదు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు, కాలేజీకి ఫెడరల్ ఎయిడ్ లేదు. 21 నిండితే హెచ్4 అయిపోతుంది. గ్రీన్‌కార్డు లైన్ అప్పటికి రాదని మా నాన్నకి మొదటి రోజు నుంచి తెలుసు. నాకు చెప్పింది పన్నెండో గ్రేడులో. ఇప్పుడు ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద చదువుతున్నాను.

ఇవన్నీ ఆ అమ్మాయికి ఇప్పుడే చెప్పండి ఆంటీ. పదో తరగతి పాసైన పిల్లకి వీసా అర్థం కాదా? ఇంకో మాట. తను ఇక్కడికొస్తే స్నేహితులు దూరమవుతారని భయపడుతోంది కదా, వాళ్లు ఎలాగూ చెదిరిపోతున్నారు. ఒకరు ఒక క్యాంపస్, ఇంకొకరు ఇంకో క్యాంపస్, హాస్టల్లో ఫోన్ ఇవ్వరు, ఎప్పుడో ఔటింగ్‌కి వస్తారు. మా వాట్సాప్ గ్రూపు దసరాకే చల్లబడింది. తప్పు నాదనుకున్నాను, అక్కడ ఉన్నవాళ్లు కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోవట్లేదని తర్వాత తెలిసింది.

కువైట్_బాబాయ్
అమ్మా, మీ తరానికి ప్రతిదీ కష్టమే. మేం రాజంపేట నుంచి వచ్చేటప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. నాన్న టికెట్ పంపాడు, వచ్చాం. మా పిల్లలు ఇక్కడ సీబీఎస్ఈ స్కూల్లోనే చదివారు. అవే పుస్తకాలు, అవే పరీక్షలు. సెలవు ఆదివారం బదులు శుక్ర, శనివారాలు, తేడా అంతే. ఎవడికీ డిప్రెషన్ రాలేదు.

హెచ్4_పిల్ల
అవే పుస్తకాలు, అవే పరీక్షలు అని మీరే అంటున్నారు బాబాయ్. మారింది వీకెండ్ ఒక్కటే. దానికి డిప్రెషన్ ఎందుకొస్తుంది? డిప్రెషన్ అన్న మాట నేను వాడలేదు కూడా.

కువైట్_బాబాయ్
పెద్దవాళ్లతో మాట్లాడే తీరు ఇదేనా? అమెరికా నేర్పింది ఇదేనేమో.

కొంపల్లి_టు_కాపెల్
బాబాయ్, ఆ పిల్ల పద్ధతిగానే మాట్లాడింది. మీ అబ్బాయి ఇంటర్ తర్వాత ఎక్కడ చేరాడో కూడా చెప్పండి.

కువైట్_బాబాయ్
చెన్నై. అది వేరే విషయం.

శారద_రెడింగ్
ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఇయర్ 10, ఇయర్ 11 కలిపి జీసీఎస్ఈ (మన పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లాంటివి) కోర్సు. మా అమ్మాయి ఇయర్ 10 మధ్యలో చేరింది. సబ్జెక్టుల ఎంపిక అప్పటికే అయిపోయింది, ఖాళీ ఉన్నవాటిలో కూర్చోమన్నారు. సగంలో చేరిన సబ్జెక్టు వెనక్కి వెళ్లి ఎవరూ చెప్పరు. లెక్కలు మాత్రం మనవాళ్లకి నల్లేరు మీద నడక. తనని నిలబెట్టింది నెట్‌బాల్ టీమ్, చదువు కాదు. ఏదో ఒక టీమ్‌లోనో, బ్యాండ్‌లోనో పడేయండి. పిల్లలకి మధ్యాహ్నం భోజనం ఎవరి పక్కన కూర్చుని తినాలన్నదే పెద్ద టెన్షన్. టీమ్ ఉంటే ఆ టెన్షన్ పోతుంది.

ఫ్రిస్కో_నాన్న
శారద గారూ, ఇది టెక్సాస్ సంగతండీ. ఇక్కడ స్కూల్ టీమ్‌లో చోటంటే ట్రయౌట్స్. మనవాళ్లకి టెన్నిస్, డిబేట్ లాంటివి నయం. గ్రేడు ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేనిస్తాను. పదో గ్రేడులోనే వేయించండి, పదకొండు వద్దు. మూడేళ్లు దొరుకుతాయి. టెక్సాస్ హైస్కూళ్ల నుంచి ర్యాంకు మీద నేరుగా సీటిచ్చే చట్టం 1997 నుంచి ఉంది, టాప్ 10 శాతం అంటారు. ఆస్టిన్‌లోని యూనివర్సిటీకి మాత్రం 2026 ఫాల్ నుంచి టాప్ 5 శాతమే. ఆ ర్యాంకు కట్టాలంటే ఇక్కడి మార్కులు కావాలి. మా డిస్ట్రిక్టులో ఇండియా మార్కులకి క్రెడిట్ ఇచ్చారు గానీ జీపీఏలో (ర్యాంకు కట్టే సగటులో) కలపలేదు.

టీచరమ్మ_ప్లేనో
పదో తరగతి పాసైన పిల్లని మళ్లీ పదిలో కూర్చోబెడితే "నేను ఫెయిలయ్యానా" అని అడుగుతుంది. అడిగారు నన్ను. మన పదో తరగతిలో ఆల్జీబ్రా, జామెట్రీ చాలావరకు అయిపోతాయి. మళ్లీ అవే చెబితే విసుగొచ్చి క్లాసులో నిద్రపోతారు. గ్రేడు ఏదైనా, లెక్కల క్లాసు మాత్రం ప్లేస్‌మెంట్ పరీక్ష అడిగి పైదానిలో వేయించండి. పదకొండులో చేరినా అమెరికా చరిత్ర తప్పదు, దానికి రాష్ట్రం పరీక్ష కూడా ఉంది.

ఫ్రిస్కో_నాన్న
ర్యాంకు సంగతి మీరు దాటేశారు.

టీచరమ్మ_ప్లేనో
పదిహేనేళ్ల పిల్ల తలుపేసుకుని కూర్చుంటే ర్యాంకు సంగతి మీరొక్కరే మాట్లాడుతున్నారు.

కోకాపేట_రిటర్న్
వెళ్లేవాళ్ల గోల ఇంత వింటున్నారు, తిరిగొచ్చేవాళ్లని ఎవరూ పట్టించుకోరు. మేం న్యూజెర్సీ నుంచి పాప ఎనిమిదో గ్రేడ్ అయ్యాక వచ్చేశాం. "సొంతూరికేగా" అన్నారు అందరూ. దానికి అది ఎప్పుడు సొంతూరు? వేసవి సెలవులకి వచ్చి మామిడిపళ్లు తిని వెళ్లిన ఊరు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం స్కూల్లో తెలుగు తప్పనిసరి. ఇంట్లో గడగడా మాట్లాడే పిల్ల, ఒత్తులు దగ్గరకొచ్చేసరికి బిక్కమొహం వేస్తుంది. సీబీఎస్ఈలో నేరుగా పదిలో చేర్చుకోవడం కష్టం, అందుకే తొమ్మిదికి ముందే రావాలి.

అసలు దెబ్బ నీట్ దగ్గర. అక్కడ పుట్టిన పిల్ల, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్లకిచ్చే కార్డు). 2021 మార్చి నోటిఫికేషన్ నుంచి అంతకుముందే కార్డు ఉన్నవాళ్లని సుప్రీంకోర్టు 2023లో మినహాయించింది గానీ, ఆ తర్వాత కార్డు తీసుకున్న ఓసీఐ పిల్లలు ఎన్ఆర్ఐ సీట్లకే. జనరల్ సీటుకి పోటీ లేదు. ఎన్ఆర్ఐ ఫీజు ఎంతో మీకు తెలుసుగా.

గోదారోడు_ఇర్వింగ్
అయితే అక్కడ తెలుగు రాకపోతే తంటా, ఇక్కడ తెలుగు అని రాస్తే తంటా.

మోడరేటర్
హోమ్ లాంగ్వేజ్ సర్వే మీద ఇకపై కామెంట్లు తీసేస్తాను. ఫారంలో తప్పు సమాచారం ఇమ్మని సలహాలివ్వొద్దు. కువైట్_బాబాయ్ గారి చివరి కామెంట్ తీసేశాం.

మియాపూర్_అమ్మ
ఇంతమంది రాస్తారనుకోలేదు. హెచ్4_పిల్ల, నువ్వు రాసింది ఫోన్‌లో మా అమ్మాయికే ఇచ్చి చదవమన్నాను తల్లీ. చదివి మొదటగా అడిగింది, "నాన్నకి ఇవన్నీ తెలుసా?" అని. తెలుసన్నాను. రాత్రి తనే ఫోన్ చేసి గంటసేపు వాళ్ల నాన్నతో పోట్లాడింది. పోట్లాటైనా సరే, మాట్లాడింది. ఇప్పుడు కొత్త ప్రశ్న వేస్తోంది. ఇంటర్ రెండేళ్లు ఇక్కడే చేసి, తర్వాత కాలేజీకి అక్కడికి వస్తే తప్పేంటట? నా దగ్గర జవాబు లేదు.

హెచ్4_పిల్ల
తప్పేం లేదు ఆంటీ, అది నిజంగా ఉన్న దారే. 21 లోపే కాబట్టి హెచ్4 మీద రావచ్చు. అంకుల్ అప్పటికి ఏడాదికి పైగా టెక్సాస్‌లో స్థిరంగా ఉంటారు కాబట్టి, ఆయన మీద ఆధారపడిన పిల్లగా ఇన్‌స్టేట్ ఫీజు (రాష్ట్రంవాళ్లకుండే తక్కువ ఫీజు) అడగొచ్చు. కాలేజీ ఆఫీసులో ముందే కనుక్కోండి. పోయేది ఫ్రిస్కో అంకుల్ చెప్పిన ర్యాంకు సీటు. అది ఇక్కడి హైస్కూల్ వాళ్లకే.

ఫ్రిస్కో_నాన్న
ఇంటర్ హాస్టల్లో ఉండి ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈకి రుద్దుకుంటూ, అమెరికా కాలేజీలకి శాట్ పరీక్ష ఎప్పుడు రాస్తుంది, అప్లికేషన్ వ్యాసాలు ఎప్పుడు రాస్తుంది? ఆ హాస్టళ్లలో పొద్దున ఐదుకి లేపుతారు. ఉంటే అమ్మమ్మ ఇంట్లో ఉండి డే స్కాలర్‌గా చదవాలి. హాస్టల్ అయితే నేను ఒప్పుకోను.

టీచరమ్మ_ప్లేనో
మొదటిసారి ఫ్రిస్కో గారితో ఏకీభవిస్తున్నాను. అయితే వేసవికి తీసుకొచ్చి స్కూల్ చూపించండి. ఆగస్టు మధ్యలో స్కూళ్లు తెరుస్తారు, జూలై చివర్లో ఆఫీసులో కౌన్సెలర్లు ఉంటారు. అమ్మాయినే మాట్లాడనివ్వండి, మీరు పక్కన కూర్చోండి. ఇంటర్ అడ్మిషన్ కూడా కట్టేసి రండి. వెనక్కి దారి ఉందని తెలిస్తే పిల్లలు కొత్తచోటు సరిగ్గా చూస్తారు.

కొంపల్లి_టు_కాపెల్
అడ్మిషన్ ఫీజు వెనక్కివ్వరు మేడం, మీరు ఇండియా వదిలి చాలా కాలమైనట్టుంది.

మియాపూర్_అమ్మ
పోతే పోనీయండి. జూలైలో నలుగురం కలిసే ఉంటాం, ఆగస్టు మొదటి వారంలో తను నిర్ణయించుకుంటుంది అని మాటిచ్చాం. మావారికి ఇది సుతరామూ ఇష్టం లేదు. అక్కడ పదిహేనేళ్లకే డ్రైవింగ్ నేర్చుకోవచ్చట కదా అని నిన్న తనే అడిగింది. నిజమేనా?

గోదారోడు_ఇర్వింగ్
నిజమేనండి. పదిహేనుకి లెర్నర్ పర్మిట్, డ్రైవర్ ఎడ్ క్లాసులో చేరాలి. పదహారుకి లైసెన్సు. హెచ్4 వాళ్లకి గడువు ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) తేదీ దాకానే ఇస్తారు. ఇన్సూరెన్స్ బిల్లు చూసి మీవారు మళ్లీ వీడియో కాల్ చేస్తారు చూడండి.

నల్గొండ_నుంచి
ఈ చర్చ ఇప్పుడే చూశాను. మా అబ్బాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. వీసా మీద పేరు బదులు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వచ్చింది. స్కూల్ రిజిస్టర్‌లో కూడా అదే పడుతుందా? వాడు ఇప్పటికే "నన్ను అక్కడ ఫ్నూ అని పిలుస్తారు" అని గొడవ చేస్తున్నాడు.

ఫ్రిస్కో_నాన్న
పడుతుంది. మా పక్కింటి అబ్బాయిని మొదటి వారం అలాగే పిలిచారు. టైముంటే ఇంటిపేరు విడిగా రాయించి పాస్‌పోర్టు మళ్లీ ఇష్యూ చేయించి, వీసా దాని ప్రకారం తీసుకోండి. టైమ్ లేకపోతే, చేర్చేటప్పుడే పిలిచే పేరు గడిలో అసలు పేరు రాయమని అడగండి. రికార్డులో మారదు గానీ టీచర్ల హాజరు పట్టీలో వస్తుంది. మిగతాది కొత్త చర్చ పెట్టి అడగండి, ఇక్కడ కలిపేస్తే ఎవరికీ దొరకదు.