చేత్తో చేసిన గిటార్‌కి పర్ఫ్లింగ్ అవసరమా, ఆర్భాటమా?

చెక్కపొట్టు (విశాఖ):
రెండేళ్ల ఆదివారాలన్నీ తినేసి, మొత్తానికి నా మొదటి అకూస్టిక్ గిటార్ డబ్బా మూశాను. పై పలక స్ప్రూస్ అనే మెత్తటి తెల్ల చెక్క, పక్కలూ వెనకా రోజ్‌వుడ్. ఇప్పుడు అంచు దగ్గర ఆగిపోయాను. పై పలకా పక్క పలకా కలిసే మూల వెంబడి బైండింగ్ పట్టీ ఎలాగూ వేస్తాను, లేకపోతే చిన్న దెబ్బకే స్ప్రూస్ అంచు రాలిపోతుంది. గొడవంతా దానికి లోపలివైపు వేసే పర్ఫ్లింగ్ గురించి. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా: గిటార్ ముఖం మీద అంచు వెంబడి సన్నగా నలుపు-తెలుపు-నలుపు గీతలు కనిపిస్తాయే, అవే. పెయింట్ కాదు. గాడి తీసి, అందులో చెక్క పట్టీయో ఫైబర్ పట్టీయో కూర్చి అంటిస్తారు.

మా మావయ్య వడ్రంగి. గిటార్ జోలికి ఎప్పుడూ పోలేదు గానీ నాకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే. "పట్టుచీర నేసి అంచు లేకుండా వదిలేస్తావట్రా?" అంటున్నాడు. నాకేమో గాడి తీసే రౌటర్ మెషిన్ ఆన్ చేస్తేనే టెన్షన్. "చేసెయ్ బ్రో" అని కాకుండా కారణాలు చెప్పండి.

ఆరోతీగ (హైదరాబాద్):
ఆర్భాటమే. వయొలిన్‌లో దానికి పని ఉంది. అక్కడ పలక అంచు పక్కల్ని దాటి బయటికి వస్తుంది. ఎక్కడైనా తగిలి చీలితే, ఆ చీలిక లోపలికి పాకకుండా గాడిలోని పట్టీ ఆపుతుంది. గిటార్‌లో అంచు బయటికి రాదు, దాన్ని బైండింగ్ కాస్తుంది. కారణం వయొలిన్ దగ్గరే ఉండిపోయింది, గీతలు మాత్రం మనకొచ్చాయి.

లెక్క కూడా చూడు. పక్క పలక మందం సుమారు 2 మి.మీ. బైండింగ్ గాడి వెడల్పూ దాదాపు అంతే. అంటే బైండింగ్ వేసేసరికే పై పలక పక్క పలకని పట్టుకున్న చోటు మొత్తం పోతుంది. ఇక దాన్ని మోసేది లోపల మూల వెంబడి అంటించిన చెక్క పట్టీ, అదే లైనింగ్, అదీ ఓ 6 మి.మీ. వెడల్పు. పర్ఫ్లింగ్ కోసం ఇంకో ఒకటిన్నర మి.మీ. లోపలికి జరుగుతావు. పలక మందమే రెండున్నర నుంచి మూడు మి.మీ. చెయ్యి కాస్త దిగిందంటే పలకని తెగ్గోసి లైనింగ్‌లోకి పోతావు. అవతల ఆరు స్టీలు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి.

పనసవీణ (బొబ్బిలి):
లెక్క బాగుంది బాబూ. నేను వీణలు చేసే చోట పెరిగినవాణ్ణి. ఒకే పనస మొద్దు తొలిచి ఏకాండి వీణ చేస్తారు మా వైపు. 24 మెట్లు మైనంలో నిలబెడతారు, నాదం ఎలా ఉంటుందన్నది అక్కడా తీగల్లోనూ తేలిపోతుంది. నగిషీ లేకపోయినా వీణ పలుకుతుంది. అయినా పూర్వం దంతం, జింక కొమ్ము పొదిగేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ వాడుతున్నారు. ఎందుకంటారు? కొనడానికి వచ్చినవాడు మీటకముందే చేత్తో తడిమి చూసేది ఆ అంచునే. గీత వంకర లేకపోతే, కంటికి కనపడని చోట కూడా చేసినవాడు తొందరపడి ఉండడని ఓ నమ్మకం.

ఆరోతీగ:
పెద్దాయనా, మీ మాట కాదనను. కానీ వీణ నగిషీ పైపైన పొదిగేది. ఇక్కడ గాడి నడిచేది అతుకు మీద. రెంటినీ ఒక గాటన కట్టలేం. పైగా చెక్కపొట్టు దీన్ని అమ్మబోవడం లేదు.

డాలస్ గరాజ్:
ఆరో గిటార్ చేస్తున్నాను, అయిదింటికి పర్ఫ్లింగ్ వేశాను, ఒక్కటీ ఊడిరాలేదు. గాడి లోతు పలక మందంలో సగం దగ్గర ఆపితే కింద చెక్క మిగిలే ఉంటుంది, అతుకూ మిగులుతుంది. ఆరోతీగ చెప్పిన ప్రమాదం నిజమే, కానీ అది చెయ్యి దిగితే వచ్చేది.

ఓ కథ చెప్తా. మార్టిన్ అనే గిటార్ కంపెనీ వాళ్ల డి-28 మోడల్‌కి ఒకప్పుడు అంచు చుట్టూ చేపముల్లు లాంటి హెరింగ్‌బోన్ గీత ఉండేది. ఆ పట్టీ జర్మనీ నుంచి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంతో సరఫరా ఆగి, ఉన్న సరుకు అయిపోయాక 1947 కల్లా అది పోయి మామూలు నలుపు-తెలుపు గీతలొచ్చాయి. 1976లో హెచ్‌డి-28 పేరుతో మళ్లీ చేపముల్లు తెచ్చారు. జనం అంతగా అడిగారు మరి. గీతలకి విలువ లేదంటే ఎలా?

ఆరోతీగ:
ఆ కథలో సగం వదిలేశారు. పాత హెరింగ్‌బోన్ గిటార్ల మోత గురించి అందరూ గొప్పగా చెప్తారు కదా, ఆ మోత పై పలకకి లోపల ఊతంగా అంటించే కర్రలది, అంటే చెక్కి పలచన చేసిన బ్రేసులది. ఆ చెక్కడం 1944లోనే ఆపేశారు. హెచ్‌డి-28లో చేపముల్లుతో పాటు ఆ బ్రేసుల్నీ వెనక్కి తెచ్చారు. పాట పాడినవాడొకడు, దండ పడింది ఇంకొకడి మెడలో.

డాలస్ గరాజ్:
హహ, దండ మాట ఒప్పుకున్నాను. అయినా చెక్కపొట్టు అడిగింది మోత గురించి కాదు కదా. చూడు తమ్ముడూ, అసలు చిక్కు వేరే చోట ఉంది. నీ పై పలక చదును కాదు, కొద్దిగా ఉబ్బు ఉంటుంది. రౌటర్ అడుగుని ఆ ఉబ్బు మీద ఆనిస్తే మొత్తం పనిముట్టే వాలుతుంది, గాడి ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు. రౌటర్ పక్క పలకకి సమాంతరంగా నిలబడేలా దాన్ని పట్టి ఉంచే చట్రం, అదే జిగ్, చేసుకో. రెండోది, నారకు ఎదురుగా పోకు. స్ప్రూస్ పేలికలా లేస్తుంది. చుట్టంతా ఒకే ఊపులో కొయ్యకుండా నాలుగు ముక్కలుగా, ఒక్కో ముక్కలో నార పడుకున్న దిక్కుకే నడిపించు.

ఆరోతీగ:
నా సంగతీ చెప్పేస్తాను, పరువు పోతే పోయింది. మూడేళ్ల కిందట నేనూ వేశాను. తొందరలో ఫెవిక్విక్ లాంటి జిగురు వాడాను. స్ప్రూస్ అది తాగేసింది. పాలిష్ వేసే దాకా కనపడలేదు, వేశాక నడుము దగ్గర అరంగుళం మేర పసుపు మరక! ఎంత గీకినా పోలేదు. ఆ గిటార్ ఎవరైనా చేతిలోకి తీసుకుంటే నా కళ్లు నేరుగా అక్కడికే పోతాయి. అందుకే వద్దంటున్నాను, ద్వేషం ఏమీ లేదు.

పనసవీణ:
గాడి తీసిన వెంటనే స్ప్రూస్‌కి పలచగా లక్క పూత వేసి ఉంటే తాగేది కాదు బాబూ. నల్ల పట్టీ గీకేటప్పుడూ అదే పూత కాస్తుంది, లేకపోతే ఆ నల్ల పొడి తెల్ల చెక్క రంధ్రాల్లో దిగబడుతుంది. గరుకు కాగితం ముట్టొద్దు. స్క్రేపర్‌తో గీకాలి.

చెక్కపొట్టు:
నిన్న రాత్రి తుక్కు ముక్క మీద ట్రయల్ వేశాను. పట్టీ పొడిగా పెట్టి చూస్తే అతికినట్టు కూర్చుంది. సంబరపడి తెల్ల జిగురు రాశాను. రెండంగుళాలు లోపలికి దిగింది, ఆ తర్వాత మొరాయించింది. నీళ్లు తాగి ఉబ్బినట్టుంది. సుత్తితో తట్టాను, మడత పడింది. మావయ్య పక్కనే నిలబడి టీ తాగుతూ చూశాడు, ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

డాలస్ గరాజ్:
పొడిగా ఉన్నప్పుడు కాస్త వదులుగా ఆడాలి, బిగుసుకోకూడదు. జిగురు గాడిలో రాయి, పట్టీకి కాదు. జానెడు జానెడు కూర్చుతూ టేపు వేసుకుంటూ పో.

చెక్కపొట్టు:
సరే, ముందు వైపు ఒక్క గీత వేస్తున్నాను. మూడు వరసలదే, ఒకటిన్నర మి.మీ. పట్టీ. తుక్కు మీద ఇంకో రెండు సార్లు వేశాకే అసలు గిటార్ ముట్టుకుంటాను. ఆరోతీగ అన్నా, నువ్వు ఓడిపోలేదు, వెనక వైపు ఏమీ వేయను.

పనసవీణ:
వెనక వైపు ఎందుకు వేయవు?

ఆరోతీగ:
పెద్దాయనా, దానికి ఇంకో థ్రెడ్ పెట్టండి దయచేసి.